రేగులవాగు లెక్క

రేగులవాగు పొంగి ఒక కాలనీని ముంచేసిందనీ, ఓ ముసలామె కొట్టుకుపోయిందనీ పేపర్లో చదివిన రోజున కిరీటి అన్నం ముట్టలేదు. జిలానీ సార్ గదికి వెళ్ళి, "నేనిక రీసెర్చి మానేస్తాను సార్," అన్నాడు.

జిలానీ సార్ యూనివర్సిటీలో అతని గైడు. మాట పొదుపు మనిషి. కూర్చోమని కుర్చీ చూపించారు.

కిరీటికి కడుపు మండిపోతోంది. మండదా మరి! ఎగువన వాన పడితే ఏ ఊరికి ఎప్పుడు నీళ్ళొస్తాయో ముందే చెప్పే ప్రోగ్రామ్ రాశాడు. ఏళ్ళ తరబడి అదే లోకంగా బతికాడు. ఈ వరదనీ అది ఉన్నదున్నట్టు చెప్పింది. ఎవరికి చెప్పింది? హాస్టల్ గదిలో అతనొక్కడికి. అదీ అంతా అయిపోయాక, వాన లెక్కలు వేసి చూసుకుంటే!

"అక్కడి ఇరిగేషన్ ఇంజనీరుకి ప్రోగ్రామ్ వేసవిలోనే పంపాను సార్. ఇన్‌స్టాల్ చేసుకోవడం చేతకాలేదట. అది లేదంటోంది, ఇది లేదంటోంది అని ఒకటే ఫోన్లు. అన్నీ రాసిచ్చాను, చదువుకోండి అన్నాను. తర్వాత ఫోన్ చెయ్యడమే మానేశాడు. ఆ మాత్రం పని రానివాడికి ఉద్యోగం ఎవరిచ్చారు సార్? నా లెక్క తప్పలేదు. ఆ ముసలామెను వాళ్ళే చంపుకున్నారు."

సార్ లేచి, డిపార్టుమెంటుకి కొత్తగా వచ్చిన లాప్‌టాప్ ఒకటి తెచ్చి అతని ముందు పెట్టారు. అతను వెంట తెచ్చుకున్న లాప్‌టాప్ తీసుకుని తన బల్ల సొరుగులో పెట్టేశారు.

"ఇందులో ఎక్కించి చూపించు."

"ఇదెంతసేపు సార్!"

ఇంజనీరుకి పంపిన మెయిల్లోంచి ప్రోగ్రామ్ దించుకుని, తను రాసిన సూచనలే తెరిచాడు. మొదట్లోనే ఎర్రక్షరాలు పడ్డాయి. తన ప్రోగ్రామ్ ఆసరా చేసుకున్న వేరేవాళ్ళ ప్రోగ్రామ్ ఒకటి ఇప్పుడు ఆ పాత రూపంలో దొరకదట. కొత్తది ఎక్కిస్తే మరొకటి మొరాయించింది. దాన్ని దారికి తెస్తే ఇంకొకటి. సార్ క్లాసు చెప్పి వచ్చారు. నమాజుకి వెళ్ళొచ్చారు. కిరీటి చొక్కా చెమటతో తడిసిపోయింది.

సాయంత్రానికి ఎలాగో అన్నీ కుదిరాయి. హమ్మయ్య అనుకునేలోగా, వాగు లోతుల ఫైలు కనబడలేదంటూ ప్రోగ్రామ్ ఆగిపోయింది. అది ఏ ఫైలు కోసం వెతుకుతోందో చూశాడు కిరీటి. ఆ ఫైలు అతని సొంత లాప్‌టాప్‌లో, అతని పేరున్న ఫోల్డర్లో ఉంది. ఇంకెక్కడా లేదు. ఎవరికీ పంపలేదు.

"సార్... నా లాప్‌టాప్ ఒక్కసారి ఇస్తారా?"

సార్ సొరుగు మీద చెయ్యి వేశారు గానీ తెరవలేదు.

"అయితే ఆ ఇంజనీరుకి నువ్వు పంపిందేమిటి నాయనా?"

కిరీటి రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. "ఇప్పుడేం చేసినా ఆ పెద్దావిడ తిరిగి రాదు కదా సార్," అన్నాడు.

"రాదు."

సార్ సొరుగు లాగి, అతని లాప్‌టాప్ తీసి, కొత్తదాని పక్కన పెట్టారు.

"వానలు ఇంకా అయిపోలేదు," అన్నారు.