తుంగకు మూడంచులు

గరికపోచకే కరిగి వరములిచ్చు గణనాథునికి తొలి మ్రొక్కు. అక్షరమునందు నిలిచి, అహంకారమునందు నిలువని వాగ్దేవికి మలి మ్రొక్కు. రాజసభలో చాపలు పరచిన కొమ్మన కథ యిది. వినువారు చెవియొగ్గుదురు గాక.

ఒకానొక రాజ్యంలో ప్రతాపధవళుడనే రాజు ఉండేవాడు. ఆయనకు గడ్డిజాతుల మీద మక్కువ మెండు. సింహాసనం దిగకుండానే నూటపదహారు జాతుల లక్షణాలు చెప్పే గ్రంథమొకటి రచించాడు. అందులో తుంగను గూర్చి, "కాడ గుండ్రము, త్రాడువలె నునుపు" అని వ్రాశాడు. ఆయన తుంగను ఎరిగినది తాను కూర్చునే చాపలో మాత్రమే. బురదలో నిలిచిన తుంగ ఎలా ఉంటుందో ఏనాడూ చూడలేదు.

ఒక వేసవి చివర ఆయన పల్లకి ఏటిపల్లె తడిబయలు ప్రక్కగా సాగుతున్నది. రాజు పల్లకి ఆపించి ఒక కాడ తెప్పించుకున్నాడు. వ్రేళ్ళ నడుమ దొర్లించబోతే అది దొర్లలేదు. మూడంచులు చురుక్కున తగిలాయి. ఇది తుంగ కాదు, వట్టి కలుపు అని తీర్మానించాడు. అయిదవ నాటికి బయలంతా దున్నించి చెరకు నాటిస్తానని, తొలిసాలు తానే దున్నుతానని చాటింపు వేయించాడు.

ఆ తుంగతో చాపలల్లి బ్రతికే ఇళ్ళు నలభై. తుంగ దుంపలు ఒక్కసారి నాగటికి పెల్లగిలాయా, ఆ ఇళ్ళ పొయ్యిలో పిల్లి లేవదు.

కొమ్మన ఆ ఊరివాడే. కొలువులో చాపలూ తివాచీలూ చూసుకునే చిన్న ఉద్యోగి. నాలుక చురుకు, గుండె పిరికి. గ్రంథంలో తప్పున్నదని పలికిన వైద్యుడొకడు నిరుడే పొలిమేర దాటించబడ్డాడు. ఆ సంగతి తలపుకు వచ్చినప్పుడల్లా కొమ్మన తల వంచి తివాచీలు దులపసాగేవాడు.

చాటింపు విన్ననాడే అల్లికలో చేయి తిరిగిన బంగారక్క అతని గుమ్మంలో వచ్చి కూర్చుంది.

"కొలువులో ఉన్నావు గదా నాయనా. తుంగను తుంగ అనేవాడొక్కడూ లేడా అక్కడ?"

"ఉండేవారు పెద్దమ్మా. అన్నాక లేరు."

ఆమె నవ్వలేదు. ఇంట్లో పరిచి ఉన్న చాప కొసను బొటనవ్రేలితో నిమిరింది. "రాజుగారికి మా చాప తెలుసు, మా పని తెలియదు. పచ్చికాడకు మూడంచులే. నిలువునా చీల్చి నాలుగెండలు చూపితే లోపలికి ముడుచుకుని గుండ్రమవుతుంది."

కొమ్మన వ్రేళ్ళు మడిచి రోజులు లెక్కపెట్టాడు. తరువాత మెల్లగా, "మనకున్నవీ నాలుగెండలే. ఇప్పుడే కోయించు పెద్దమ్మా," అన్నాడు.

మూడవనాడు మబ్బు కమ్మింది. కొమ్మన సభలో చాపలు పరుస్తూ ఆకాశం వంకే చూశాడు. రాజుగారి చాప తలక్రిందులుగా పరిచి, మంత్రి చేత చీవాట్లు తిన్నాడు. మధ్యాహ్నానికి ఎండ కాసింది గాని, అతని అరచేతుల తడి మాత్రం ఆరలేదు.

అయిదవనాడు బయలు గట్టున ఎడ్లను కాడికి కట్టారు. దున్నేముందు రాజు సంకల్పానికి కూర్చోవాలి. సంకల్పపు చాపలో చివరి తుంగ పాయ కూర్చునేవారే తొడగాలని ఆ దేశపు ఆచారం. కొమ్మన పళ్ళెంలో పది పాయలు తెచ్చి నిలబడ్డాడు.

"ఏలినవారికి విన్నపం. వీటిలో ఒకటి తక్కిన తొమ్మిదింటితో పుట్టినది కాదు. కలుపు తమ ఆసనాన్ని తాకరాదు. తమకన్న ఎరిగినవారెవరు? ఏరి పారవేయండి."

"ఈ పాటి దానికి గ్రంథం తెరవనక్కరలేదోయ్," అన్నాడు రాజు. ఒక్కొక్క పాయనూ మెలిపెట్టి చూసి, కాస్త పసుపు తిరిగినదాన్ని దూరంగా విసిరాడు. "అదీ కలుపు. ఈ తొమ్మిదీ ఉత్తమమైన తుంగ." అని వాటిలో ఒకటి తీసి, అందరూ చూస్తుండగా చాపలో తొడిగాడు.

కొమ్మన మోకాళ్ళ మీద కూలి అభయం వేడాడు. రాజు ఇచ్చాడు.

"ప్రభూ, తాము విసిరినది సింహాసనపు చాప కొసనుండి తీసినది. నిరుటిది గనుక పసుపు తిరిగింది. తాము మెచ్చిన తొమ్మిదీ ఈ బయలులోనివి."

బంగారక్క ముందుకు వచ్చి, పచ్చికాడ ఒకటి కోసి రాజు ఎదుటనే చీల్చింది. దాని ప్రక్కన ఒక ఎండ చూసిన పాయ, రెండెండలు చూసినది, నాలుగెండలు చూసినది వరుసగా పెట్టింది. ఒకదానికన్న ఒకటి ముడుచుకుని, చివరిది త్రాడులా గుండ్రంగా ఉంది.

రాజు చాలాసేపు చూశాడు. "అయితే నా గ్రంథం అబద్ధమంటావు," అన్నాడు మెల్లగా.

"కాదు ప్రభూ. తాము వ్రాసినది కొలువుకు వచ్చిన తుంగ సంగతి. బురదలో నిలిచినంతకాలం దానికి మూడంచులుంటాయి. ఏలినవారి క్రిందికి వచ్చేసరికి ముడుచుకుని గుండ్రమవుతుంది. ఊళ్ళో నేనూ గరుకుగానే మాటాడతాను. సభలో ఒక్క అంచైనా తమకు ఎప్పుడైనా తగిలిందా?"

రాజు తన పరివారం వంక చూశాడు. మంత్రి మొదలు గొడుగు పట్టినవాని దాకా అందరూ ఒక్కసారిగా తలలు వంచుకున్నారు. ఆ వంగిన తలల వరుస చూసి ఆయన పెదవి అదిరింది. అంతలోనే పొట్ట పట్టుకుని నవ్వసాగాడు.

"తగిలిందోయ్, ఇప్పుడే తగిలింది," అన్నాడు.

ఎడ్లను విప్పించాడు. తడిబయలును నలభై ఇళ్ళకు శాసనపూర్వకంగా ఇచ్చాడు. వైద్యుణ్ణి తిరిగి పిలిపించి, గ్రంథంలో "పచ్చికాడకు మూడంచులు" అని తన చేతితోనే చేర్చాడు. కొమ్మన ముంజేతికి బంగారు కడియం తొడిగి, సభలో ఇతని మాటల అంచును ఎవరూ అణచరాదని ఆజ్ఞాపించాడు. కడియం మాత్రం ఇల్లు చేరేదాకా కొమ్మన చేతిలో వణుకుతూనే ఉంది.

ఈ కథ విన్నవారి పల్లపునేలలు తడియారకుండు గాక. వారి పడకచాపలు చిరుగకుండు గాక. నిజము పలుకవలసిన వేళ వారి నాలుకలు ముడుచుకొనకుండు గాక.