కొలవని ఆక్సిజన్

“సార్, లెక్క కట్టి వేసుకునేదాన్ని పనిగట్టుకుని కొలవడం నా తప్పా?”

అలా అడుగుతూ మెహరున్నీసా తన గురువు విశ్వపతి గారి బల్ల మీద రెండు కాగితాలు పెట్టింది. పెట్టడం కాదు, పడేసింది. రెండూ ఒకే ఇటుక గురించి ఒకే ప్రయోగశాలలో తేల్చిన ఫలితాలు.

నెలన్నర కిందట ఓ ఫ్యాక్టరీలో రాగి కరిగించే కొలిమి గోడ పగిలి, పైడిరాజు అనే కార్మికుడి రెండు కాళ్లూ కాలిపోయాయి. కొలిమిని అతిగా వేడెక్కించాడని యాజమాన్యం నేరం అతని మీదికే తోసింది. ఆ గోడ కట్టిన సరుకులోనే వాడకుండా మిగిలిన ఇటుకని ఈ ప్రయోగశాలకి పరీక్షకి పంపారు. ఇక్కడి మైక్రోప్రోబ్ యంత్రం ఎలక్ట్రాన్ల సన్నని ధారని నమూనా మీద పడేసి, అందులో ఏ మూలకం ఎంత ఉందో చెబుతుంది. ఆక్సిజన్‌ని పట్టుకోవడం మాత్రం దానికీ కష్టమే. అందుకని విభాగాధిపతి భుజంగరావు గారు లోహాలని మాత్రమే కొలిపించి, ఒక్కో లోహానికి ఇంత ఆక్సిజన్ అని సూత్రం ప్రకారం కలిపేస్తారు. మొత్తం అటూ ఇటూ అయితే నూరుకి సర్దేస్తారు. ఇటుక బాగానే ఉందని అలాగే రాసిచ్చారు.

మెహరున్నీసా రెండు రోజులు కూర్చుని ఆక్సిజన్‌ని కొలిచింది. ఉండాల్సినంత లేదు. ఇటుకని కాల్చినప్పుడు అందులోని ఇనుముకి సరిపడా గాలి అందలేదన్నమాట. కొలిమిలో ఆ కొరత తీరేకొద్దీ ఇనుము ఉబ్బి, ఇటుకని లోపల్నుంచే పగలగొడుతుంది. భుజంగరావు గారు ఆ కాగితం వైపు చూడను కూడా చూడకుండా, యంత్రాన్ని రెండు రోజులు దండగ చేశావన్నారు. కాళ్లు కాలినవాడి నెత్తినే నింద మిగిలిపోతుందని తలుచుకుంటే ఆమెకి ఒళ్లు మండిపోతోంది.

విశ్వపతి గారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదివారు. మర్నాడు నునుపు చేసిన చిన్న నమూనా ఒకటి ఆమె చేతికిచ్చి, పేరేమీ రాయకుండా పరీక్షకి ఇచ్చి రమ్మన్నారు. అదేమిటో ఆమెకీ చెప్పలేదు.

నాలుగో రోజు భుజంగరావు గారి సంతకంతో ఫలితం వచ్చింది. స్వచ్ఛమైన ఇనుము ఆక్సైడ్. నూటికి డెబ్భై ఇనుము, ముప్పై ఆక్సిజన్.

చదువుతుంటే విశ్వపతి గారి ముఖం కందిపోయింది. ఆయనకి కోపం రావడం మెహరున్నీసా ఎన్నడూ చూడలేదు. ఆమెని వెంటబెట్టుకుని తిన్నగా భుజంగరావు గారి గదికి వెళ్లి, జేబులోంచి సగానికి కోసిన మేకు తీసి ఆ కాగితం మీద పెట్టారు.

“మీరు పరీక్షించింది దీని రెండో సగం. ఉత్త ఇనుము. ఇందులో ముప్పై పాళ్లు ఆక్సిజన్ ఉందని సంతకం పెట్టారు.”

భుజంగరావు గారు అసలు అంకెలు తెప్పించి చూసుకున్నారు. సర్దకముందు మొత్తం నూట నలభై మూడు: కొలిచిన ఇనుము నూరు, సూత్రం ప్రకారం కలిపిన ఆక్సిజన్ నలభై మూడు. అంత తేడాని ఒక్కరూ పట్టించుకోలేదు. చివరికి ఇటుక గురించి తాను రాసింది కొట్టేసి, మెహరున్నీసా కాగితం మీద సంతకం చేశారు. ఆ కాగితం చూశాకే విచారణలో పైడిరాజు తప్పేమీ లేదని తేల్చారు.

సంతకం చేశారే గానీ, భుజంగరావు గారికి మనసు కుదుటపడలేదు.

“అది మేకు అని ముందే ఒక్క మాట చెప్పాల్సింది, విశ్వపతి గారూ.”

గుమ్మం దాటబోతున్న గురువు ఆగారు.

“దాన్నే అడిగి ఉంటే, అదే చెప్పేదండీ.”