సాయిలు కుడిచెయ్యి

షాహీన్ తీసిన ఎక్స్‌రేకి వంక పెట్టాలంటే పెద్ద డాక్టరు కూడా తడుముకోవాలి. జిల్లా ఆసుపత్రికి శిక్షణకొచ్చి ఆరు నెలలే అయినా ఆ సంగతి అందరికీ తెలుసు. అందరికంటే ఎక్కువ ఆమెకే తెలుసు.

ఆ రోజు సాయిలు అనే గీత కార్మికుణ్ణి తీసుకొచ్చారు. తాటిచెట్టు మీంచి జారి కుడి రెట్ట విరిగింది. విరిగిన చేతిని ఎడమచేత్తో పట్టుకుని కూర్చున్నాడు, ఎవర్నీ ముట్టనివ్వలేదు.

ముందువైపు ఫిల్ము తేలిగ్గానే అయింది. పక్కనుంచి ఇంకొకటి కావాలి. విరిగిన చేతిని తిప్పితే ఎముక నరానికి తగలొచ్చని, తిప్పకూడదని, మనిషినే పక్కకు నిలబెట్టి తీయాలని షాహీన్‌కు తెలుసు. కానీ అలా తీస్తే పక్కటెముకలు అడ్డొచ్చి ఫిల్ము మసగ్గా వస్తుంది. మసక ఫిల్ము ఆమెకు గిట్టదు. కొంచెం ఓర్చుకోమని చెప్పి చెయ్యి లోపలికి తిప్పింది.

సాయిలు అరుపు వరండా దాకా వినిపించింది. ఫిల్ము మాత్రం అద్దంలా వచ్చింది.

మర్నాడు వార్డు నుంచి కబురొచ్చింది. సాయిలు మణికట్టు వాలిపోయింది, వేళ్లు పైకి లేవడం లేదు. ఎక్స్‌రేకి పంపేటప్పుడు లేచాయని నర్సు రాసిపెట్టింది. షాహీన్ ఫిల్ము పట్టుకుని యోహాను మాస్టారి దగ్గరికి పరుగెత్తింది. ముప్పై ఏళ్లుగా ఆ ఎక్స్‌రే గదిలో పని నేర్పుతున్న మనిషి ఆయన.

"ఇందులో తప్పేమైనా ఉందా సార్?"

ఆయన ఫిల్మును కిటికీ వెలుగుకు పెట్టి చాలాసేపు చూశాడు. తప్పేమీ లేదన్నాడు. తన ఫ్లాస్కులోంచి గ్లాసులోకి టీ వంచి ఆమె చేతికిచ్చాడు.

"సాయిలుకు ఇచ్చిరా అమ్మా."

సాయిలు ఆమెను గుర్తుపట్టాడు. కోపమేమీ పెట్టుకోలేదు. కట్టులోంచి బయటికున్న కుడిచెయ్యి గ్లాసు కోసం కదిలింది. మణికట్టు లేవలేదు. ఆ చేతిని ఓసారి చూసుకుని, ఎడమచేత్తో అందుకున్నాడు.

"మంచిగయితది గద బిడ్డా? గీసే కత్తి ఈ చేత్తోనే పట్టాలె."

అతను తాగేదాకా షాహీన్ మంచం పక్కనే నిలబడి, ఖాళీ గ్లాసుతో తిరిగొచ్చింది. గది గుమ్మంలోనే ఏడుపు వచ్చేసింది. మనిషిని తిప్పి తీస్తే మసగ్గా వచ్చేది సార్ అని, అడక్కుండానే చెప్పింది.

మాస్టారు గ్లాసు తీసుకుని కుళాయి కింద పెట్టాడు.

"మసగ్గా వస్తే మళ్లీ తీసేవాళ్లం" అన్నాడు.