గంపలో కూర్చున్న తాత

సుంకన్న తాత ఆశ్రమంలో బావి తవ్వకం చెన్నబసవ చేతికొచ్చి పన్నెండు రోజులైంది. అంతకుముందు రెండు నెలలు లింగన్న చూసుకున్నాడు. లింగన్న మెత్తని మనిషి. ఎవరైనా అలిసిపోయానంటే కాసేపు నీడన పడుకోమనేవాడు. ఎండలు ముదిరాయి, నీళ్ళు మాత్రం పడలేదు. చివరికి తాతే అతన్ని తప్పించి, శిష్యుల్లో చురుకైనవాడని చెన్నబసవను పెట్టాడు.

వచ్చిన రోజే చెన్నబసవ కూలీలందరినీ నిలబెట్టి చెప్పాడు. "పని ఆపినవాళ్ళు ఇంటికి పోవచ్చు. సాకులు నా దగ్గర చెప్పొద్దు."

ఆ తర్వాత బావి దగ్గర మాట వినపడలేదు. రెండు నెలల్లో దిగనంత లోతు పన్నెండు రోజుల్లో దిగింది. అడుగున తడిమట్టి తగిలింది.

ఆ పొద్దున అతను తాత దగ్గరికి వెళ్ళాడు.

"ఒక సందేహం తాతా. పదిమందితో పని చేయించేవాడు లింగన్నలా మెత్తగా ఉండాలా, నాలా గట్టిగా ఉండాలా?"

జవాబు తెలుసనుకునే అడిగాడు. తాత నోట వినాలని అతని కోరిక.

తాత చెప్పులేసుకున్నాడు. "పద, ఆ తడిమట్టి చూసొద్దాం."

బావి దగ్గర తాత ఒక్కొక్కరినీ పలకరించాడు. గిడ్డయ్యను చేతి పుండు మానిందా అని అడిగాడు. గిడ్డయ్య చేతికి పుండుందని చెన్నబసవకు తెలియదు.

మనుషుల్ని దించే గంప ఒడ్డున ఉంది. గిలక మీదుగా వచ్చిన లావుపాటి మోకు దానికి కట్టి ఉంది. ఎనభై ఏళ్ళ తాత వెళ్ళి ఆ గంపలో కూర్చున్నాడు.

"దించండి."

ఎవరూ మోకు పట్టుకోలేదు.

"వినపడలేదా?" అన్నాడు చెన్నబసవ.

గిడ్డయ్య భార్య ఈరమ్మ ముందుకొచ్చి తాత చెయ్యి పట్టుకుంది. "దిగు తాతా. ఈ మోకు మీద పోవద్దు. నడిమిట్ల పురులు తెగినాయి."

మోకుకు ఒకచోట చీర పేలిక చుట్టి ఉంది. చెన్నబసవ దాన్ని రోజూ చూస్తూనే ఉన్నాడు. చేతులు ఒరుసుకుపోకుండా కట్టుకున్నారనుకున్నాడు. ఇప్పుడు విప్పి చూశాడు. మూడు పురుల్లో రెండు తెగిపోయాయి. మూడోది పీచులు లేచి ఉంది.

ఈరమ్మ వైపు తిరిగాడు. "ఎప్పటినుంచి?"

"నాలుగు దినాలాయె."

"నాలుగు రోజులు దీని మీదే దిగారా?"

గిడ్డయ్య తల వంచుకున్నాడు. రోజూ అతను దిగుతుంటే మోకు పట్టుకునేవాళ్ళలో ఈరమ్మ ఒకతె.

"నాతో ఒక్కమాట చెప్పొచ్చు కదమ్మా."

"పని ఆగుతాదని చెప్పలేదు" అందామె నెమ్మదిగా.

చెన్నబసవ ఆ పేలిక చేతిలోనే పట్టుకుని పని ఆపించాడు. కొత్త మోకుకు ఊళ్ళోకి మనిషిని పంపాడు. అప్పటికే తాత ఆశ్రమం వైపు నడుస్తున్నాడు. చెన్నబసవ పరుగున వెళ్ళి కలుసుకున్నాడు.

"మోకు తెగిందని మీకెట్లా తెలిసింది తాతా?"

"నాకు తెలియదు నాయనా."

"తెలియకుండానే కూర్చున్నారా? వాళ్ళు చెప్పకపోయుంటే?"

"నాకు చెప్తారు" అన్నాడు తాత, నడక ఆపకుండా.