బుచ్చక్క కత్తి దించిన రోజు

అనగనగా ఒక ఏరు. ఆ ఏటికి ఒక కట్ట. కట్ట దిగువన వెదురుపాలెం అని ఒక ఊరు. ఊళ్ళో ఉన్న మూడువందల గడపా బుట్టలల్లే మేదరులదే.

వాళ్ళకొక అలవాటు ఉండేది. ఎవరు వచ్చి ఏం చెప్పినా కాదనకుండా వినేవాళ్ళు. చేతిలో పని మాత్రం ఆపేవాళ్ళు కాదు. కత్తులు వెదురును చీలుస్తూనే ఉండేవి, వేళ్ళు బద్దలను అల్లుతూనే ఉండేవి. మాట మనసుకు తాకితేనే కత్తి దించేవాళ్ళు. ఊరి పెద్ద బుచ్చక్క ఎవరి మాటకైనా కత్తి దించి పదేళ్ళయిందని చుట్టుపక్కల చెప్పుకునేవారు.

కట్టకు కావలివాడు చెంగయ్య. అతని కూతురు పేరిందేవి. రోహిణి కార్తెలో, రోళ్ళు పగిలే ఎండలో, ఆ పిల్ల కట్ట అడుగున నడుస్తుంటే కాలికి తడి తగిలింది. వంగి చూసింది. ఏట్లో నడుంలోతు నీళ్ళు కూడా లేవు, అయినా కట్ట కింద ఊట! మృగశిర వానలకు ఏరు పొంగితే ఈ కట్ట నిలవదు. ముందు మునిగేది తమ గుడిసె, ఆ వెంటనే వెదురుపాలెం. ఆమె పరుగున పోయి రాజు తిమ్మభూపాలుడికి చెప్పింది.

"వెదురుపాలెంలో గడపకొకరు వస్తే పదిహేను రోజుల్లో కట్ట గట్టిపడుతుంది" అన్నాడు రాజు. "కాని కొరడా చూపించి పిలవను. మనసులేని చేతులు మట్టి మోస్తాయిగాని కట్ట కట్టవు. ఎవరైనా వెళ్ళి నచ్చజెప్పండి."

ముందు ఆస్థాన పండితుడు విశ్వంభరశాస్త్రి వెళ్ళాడు. కట్ట పనికి గడపకొకరు రావాలంటూ గంగ భూమికి దిగివచ్చిన కథ ఎత్తుకున్నాడు. భగీరథుడి తాతముత్తాతల పేర్లు ఒక్కటీ వదలకుండా చెప్పాడు. కత్తులు ఆగలేదు. శాస్త్రిగారికి ఒళ్ళు మండింది.

"చెవిటివాడి ముందు శంఖమూదాను!" అంటూ ఉత్తరీయం దులుపుకుని వచ్చేశాడు.

తరువాత ఆస్థాన కవి మంగన వెళ్ళాడు. రాజుగారి వంశం మీద నూరు పద్యాలు పాడాడు. చూస్తే ఏముంది, ఊరు ఊరంతా తలలూపుతోంది! కవిగారు ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

"ప్రభూ, గెలిచాను! రేపు కట్టమీద కాలు పెట్టడానికి చోటుండదు" అన్నాడు.

తెల్లారింది. కట్టమీద చెంగయ్య, రెండు కాకులు తప్ప ఎవరూ లేరు. బుట్ట అడుగు వేసేటప్పుడు మేదరులు బద్దకొకసారి తల ఊపి లెక్కపెట్టుకుంటారు. పాపం, కవిగారు ఆ లెక్కను మెప్పనుకున్నాడు.

రాజు పేరిందేవిని పిలిచాడు. "ఊట చూసినదానివి నువ్వు. నువ్వే చెప్పు."

"నాకు చదువు లేదు ప్రభూ. నలుగురిలో నోరు పెగలదు" అంది పేరిందేవి. అన్నదేగాని, కట్ట గుర్తొచ్చి ఊరుకోలేక బయలుదేరింది.

దారి పొడుగునా ఒకటే ఆలోచన. ఏం చెప్పాలి? గంగ కథ అయిపోయింది. రాజు కథ అయిపోయింది. తన భయం చెబుదామా అంటే, అది తన భయమేగా! ఏమీ తోచక బుచ్చక్క అరుగు మీద కూర్చుని బద్దలు అందించసాగింది.

"అవ్వా, వాళ్ళ మాట ఎందుకు రుచించలేదు మీకు?" అని అడిగింది.

"శాస్త్రిగారికి గంగ తెలుసు. కవిగారికి రాజు తెలుసు. మాకూ ఏదో ఒకటి తెలిసే ఉంటుందని ఇద్దరికీ తోచలేదు తల్లీ" అంది బుచ్చక్క. అంటూనే ఒక గంపను తిరగేసి, అడుగున సడలిన బద్దను లాగి బిగించింది.

పేరిందేవి ఆ చేతుల వంకే చూసింది. చెప్పవలసిన మాట ఆమెకు దొరికింది.

మరునాడు పొద్దున గంపతో మన్ను మోసుకొచ్చి ఊరి నడుమ నిలబడింది. కత్తులు ఆడుతున్నాయి.

"అవ్వా, గంప అడుగున ఒక్క బద్ద సడలితే ఏం చేస్తారు?"

"ఆ పూటే బిగిస్తాం. లేకపోతే గంపంతా విడిపోదూ!"

"ఆ పని ఎవరికైనా చేతనవుతుందా?"

"ఎవరికో ఎలా అవుతుందే? అల్లే చెయ్యి కావాలి!"

పేరిందేవి గంప దించింది. "ఈ మన్ను పట్టి చూడవ్వా."

బుచ్చక్క పిడికెడు తీసింది. "రోహిణిలో తడి మన్నా! ఎక్కడిదే?"

"మన కట్ట అడుగుది. అక్కడ బద్ద సడలిందవ్వా. మట్టి పోసేవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారు. ఆ మట్టి జారకుండా తడికలల్లి అడుగు బిగించే చేతులు ఈ ఊళ్ళోనే ఉన్నాయి. మా నాన్న కాపలా కాయగలడు, అల్లలేడు. నాకు భయంగా ఉంది."

బుచ్చక్క కత్తి కింద పెట్టింది. ఆ వెనకే మూడువందల కత్తులూ నేల మీదికి దిగాయి.

"గడపకొకరేమిటే పిల్లా? ఇంటిల్లిపాదీ వస్తాం!" అంది బుచ్చక్క.

వచ్చారు. వెదురు నరికారు, తడికలల్లి కట్ట అడుగున పరిచారు, మట్టి పోసి దిమ్మిసతో గట్టిగా కొట్టారు. మృగశిరలో ఏరు మూడు రోజులు విరుచుకుపడింది. కట్ట కింద చుక్క తడి లేదు.

రాజు కట్టమీదికి వచ్చి చూసి మురిసిపోయాడు. బుచ్చక్క తలెత్తి, "ఇది మా చేతి అల్లిక దొరా!" అంది. చెంగయ్య కూతురి వంక చూసి కళ్ళు తుడుచుకున్నాడు.

శాస్త్రిగారు పేరిందేవి దగ్గరికి వచ్చి, "నాలుగు శాస్త్రాలు చదివినవాణ్ణి నేను. నావల్ల కానిది నీవల్ల అయింది. ఏం చెప్పావమ్మా?" అని అడిగాడు.

"నేను చెప్పింది తక్కువండీ. వాళ్ళను అడిగింది ఎక్కువ."

ఆ మరునాడు శాస్త్రిగారు వెళ్ళి బుచ్చక్క పక్కన చతికిలబడి బద్దలు లెక్కపెట్టడం నేర్చుకున్నాడు, తల ఊపుతూ.

వినేవారి బతుకులోంచి ఎత్తుకున్న మాటే వారి మనసుకు చేరుతుంది.