ఎర్రచుక్కకు పెళ్ళిపిలుపు

అనగనగా, మీ తాతలకు తాతలు కూడా ఉయ్యాల ఎక్కని రోజుల్లో, కంకణపురానికి భద్రసేనుడని ఒక రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాళ్ళిద్దరికీ తెలియని సంగతంటూ లేదు. మూడోవాడు ఉదయకీర్తికి మాత్రం ఏదీ గట్టిగా తెలియదు. "ఇవాళ ఎండ కాస్తుందా నాయనా?" అని అడిగితే, "కాస్తున్నట్టే ఉంది, సాయంత్రం దాకా ఆగి చెబుతాను" అనే రకం. అలాంటివాడికి పక్క దేశపు రాజకుమారి చంపకవల్లితో పెళ్ళి కుదిరింది. ఆ పిల్లంటే తనకు ఎంత ఇష్టమో, అదొక్కటీ అతనికి గట్టిగా తెలుసు.

ఆ రాజ్యంలో ఒక వింత ఆచారం ఉంది, వినండి. రాజుగారింట్లో పెళ్ళంటే ప్రాణమున్న ప్రతి జాతినీ పిలవాలి. మనుషులకు బొట్టు పెట్టి పిలిచేవారు. ఆవు కొమ్ములకు పసుపు రాసి పిలిచేవారు. చీమల పుట్ట దగ్గర గుప్పెడు నూకలు పోసి, "మీ వాళ్ళందరికీ మీరే చెప్పండమ్మా" అనేవారు. జాతికి ఒకరికి చెబితే చాలు. ఒక్క జాతి తప్పిపోయినా ఆ పెళ్ళి చెల్లదు.

పిలుపులన్నీ అయ్యాయి. ముహూర్తం ఇంకా నలభై రోజులుందనగా భూతకేతుడనే ముసలి మాంత్రికుడు గడ్డం నేల మీద ఈడ్చుకుంటూ సభలోకి వచ్చాడు.

"అందర్నీ పిలిచావా రాజా?"

"చీమతో సహా పిలిచాం."

"మరి ఆకాశంలో ఎర్రచుక్క ఉంది కదా, అక్కడివాళ్ళను?"

సభంతా గతుక్కుమంది. మాంత్రికుడు గడ్డం దువ్వుకున్నాడు. "అక్కడ ఎవరైనా ఉంటే వాళ్ళను పిలవలేదు గనక పెళ్ళి చెల్లదు. లేరంటారా, రుజువు చూపించండి. ముహూర్తానికి ఏదో ఒకటి తేల్చకపోతే పెళ్ళికూతుర్ని చిలకను చేసి పట్టుకుపోతాను. నా పంజరం ఖాళీగా ఉంది."

రాజు ఒళ్ళు మండి కత్తి దూసి ఒక్క వేటు వేశాడు. కత్తి పొగలోంచి పోయినట్టు పోయింది. "నా ప్రాణం ఒక చిలకలో ఉంది. నీ కత్తికి నేను అందను" అని నవ్వుకుంటూ మాంత్రికుడు వెళ్ళిపోయాడు.

"ఉన్నారు!" అన్నాడు పెద్దకొడుకు. "అన్ని చుక్కలూ ఊరికే ఖాళీగా పడి ఉంటాయా?"

"లేరు!" అన్నాడు రెండోవాడు. "ఉంటే ఇన్నాళ్ళలో ఒక్కడైనా మనింటికి భోజనానికి రాడా?"

పెద్దన్న మాట వింటే ఉదయకీర్తికి అదే నిజమనిపించింది. రెండో అన్న మాట వింటే ఇదీ నిజమే అనిపించింది. పాపం, బుర్ర గిర్రున తిరిగింది. కనీసం ఆ చిలకను పట్టుకుంటే మాంత్రికుడు దారికొస్తాడని బయల్దేరాడు. సాగనంపడానికి వచ్చిన చంపకవల్లి, "తేలకపోతే తేలలేదనే చెబుదువుగాని, నువ్వు మాత్రం వచ్చెయ్" అంది.

మాంత్రికుల చిలకలు ఉండేది ఏడు సముద్రాల అవతలే కదా. ఆ సముద్రాల ఒడ్డున ఒక పెద్ద చేప తల పైకెత్తింది. "చేపమ్మా, పై లోకాల్లో ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు.

"నీటికి పైన ఎవరూ ఉండరు" అంది చేప. "గాలం పట్టుకుని మా వాళ్ళు ఎందరో పైకి వెళ్ళారు. ఒక్కరూ తిరిగి రాలేదు."

"మరి నేనున్నానుగా!"

"నువ్వు నాకు వచ్చిన కలవి. పొద్దున కాస్త ఎక్కువ తిన్నాను."

"సరే, కలనే. ఈ కలను కాస్త ఏడు సముద్రాలు దాటించవూ?"

"కలకు బరువేముంటుంది, ఎక్కు" అంది చేప. ఏడు సముద్రాలూ దాటేదాకా "ఈ కల ఇంత బరువేమిటి" అని సణుగుతూనే ఉంది.

అవతలి ఒడ్డున నిట్టనిలువు కొండ. కొండ కింద ఒక అడవిబాతు కనిపిస్తే దాన్నీ అదే అడిగాడు. "పై లోకాల్లో ఎవరూ లేరు. నేను ఏడో మబ్బు దాకా వెళ్ళి చూశాను" అంది.

"ఎర్రచుక్క దాకా వెళ్ళావా?"

"ఎక్కడ? రెక్కలు నొప్పిపుట్టి తిరిగొచ్చాను."

"మరి లేరని ఎలా చెబుతావు?"

"ఉన్నారని మాత్రం ఎలా చెప్పను?" అంటూ అది అతన్ని వీపున వేసుకుని కొండ మీద దింపింది.

కొండ మీద గుహ, గుహలో బంగారు పంజరం. పంజరం తలుపు తీసే ఉంది. లోపల చిలక లేదు, ఒక చీమ ఉంది.

"చిలకా? దాన్ని ఎవరైనా పీక నులుముతారని మాంత్రికుడు మంత్రం వేసి ఎర్రచుక్కకు ఎగరేశాడు. నూరేళ్ళయింది" అంది చీమ.

"చేరిందా?"

"పోవడం మా ముత్తవ్వలు చూశారట. చేరడం ఎవరు చూస్తారు నాయనా?"

ఉదయకీర్తి అక్కడే చతికిలబడ్డాడు. ఇంట్లోంచి ఒక్క అనుమానంతో బయల్దేరినవాడికి ఇప్పుడు అనుమానాలు లెక్కలేనన్ని. చంపకవల్లి గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ఏడ్చి ఏడ్చి, ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు. బాతు దింపింది, చేప దాటించింది, సరిగ్గా ముహూర్తం వేళకు సభలో వచ్చి పడ్డాడు.

"తేలిందా?" అన్నాడు మాంత్రికుడు.

"లేదు. మీరే తేల్చాలి తాతా. మీ చిలక ఎర్రచుక్క మీద బతికి ఉందా, లేదా?"

మాంత్రికుడు కిటికీలోంచి ఆకాశం వంక చూశాడు.

"లేదంటే మీ ప్రాణానికిక కాపు లేనట్టే, నాన్నగారి కత్తి అక్కడే ఉంది. ఉందంటే అక్కడో ప్రాణి ఉన్నట్టే, దాని ప్రాణమూ మీ ప్రాణమూ ఒకటే. అక్కడివాళ్ళ తరఫున మీరే పిలుపు అందుకోండి" అని నుదుట బొట్టు పెట్టి, "మీ వాళ్ళందరికీ మీరే చెప్పండి" అన్నాడు.

పురోహితుడు తొడ చరిచాడు. "ఎవరైనా ఉంటే పిలుపు అందింది, లేకపోతే పిలవనక్కర్లేదు. పెళ్ళి చెల్లుతుంది!"

మాంత్రికుడికి కోపం రాలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నూరేళ్ళుగా ఆకాశం వంక చూస్తున్నాను నాయనా. చేరిందో లేదో, దానికక్కడ తోడెవరైనా ఉన్నారో లేదో. ఎవర్నడిగినా నవ్వారు. బెదిరిస్తేనైనా మీరు కనుక్కుంటారేమోనని ఇంత పని చేశాను."

ఉదయకీర్తి మనసు కరిగిపోయింది. ముసలాయన గుండెకు చెవి ఆనించాడు. "కొట్టుకుంటోంది తాతా! చిలక బతికే ఉంది."

"బతికైతే ఉంది. చుక్క మీద ఉందో, దారిలో ఇంకా ఎగురుతూనే ఉందో!"

ఆ మాటకు ఉదయకీర్తికి మళ్ళీ బుర్ర తిరిగింది. అన్నలిద్దరూ మళ్ళీ మొదలుపెట్టారు. వాళ్ళ గొడవ మేళాల్లో కలిసిపోయింది. పెళ్ళి అయిపోయింది. మొదటి అక్షింతలు మాంత్రికుడే వేశాడు.

తరవాత, అన్నల వాదన ఎంతకీ తెగకపోవడంతో ఉదయకీర్తే రాజయ్యాడు, అరవై ఏళ్ళు చల్లగా ఏలాడు. ముసలి మాంత్రికుణ్ణి కోటలోనే ఉంచుకున్నాడు. రోజూ పొద్దున్నే, కిరీటం పెట్టుకోకముందే వెళ్ళి, ఆయన గుండెకు చెవి ఆనించి వచ్చేవాడు.

"ఉందా?" అని అడిగేది చంపకవల్లి.

"ఉంది" అనేవాడు, సంతోషంగా.

"ఎక్కడ?"

"అదే తెలియడం లేదు" అనేవాడు, ఇంకా సంతోషంగా.