మైల పట్టనివాడు

ఉదయం ఏడుంబావుకు డాక్టర్ శాంతమ్మ రక్తనిధి గది బయట బల్ల మీద కూర్చుని బత్తాయి వొలుస్తున్నారు. ఆ పెద్దాసుపత్రిలో రక్తం పరీక్షించి ఎక్కించే విభాగానికి ఆమె అధిపతి. ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, ఏదో ఒక పని అప్పజెబుతారు అని శిష్యుల్లో ఆమెకు పేరు. ఆమె దగ్గర పైచదువు చదువుతున్న డాక్టర్ కిరణ్మయి అప్పుడే లోపల్నుంచి వచ్చి, యశోదకు ఏ సంచిలోని రక్తమూ సరిపడటం లేదని చెప్పింది.

యశోదది పొన్నూరు వైపు పల్లె. నెలలు నిండాయి. మాయ కిందికి ఉండటంతో ముందురోజు నుంచి రక్తం పోతోంది. ఆపరేషన్ చేసి బిడ్డను తీయాలి. చేతిలో రక్తం లేకుండా మొదలుపెడితే తల్లి దక్కదని కాన్పుల వార్డు వాళ్ళు చెప్పేశారు. ఆమె కార్డు మీద ఓ పాజిటివ్ అని ఉంది. కానీ ఓ రక్తం ఏది కలిపి చూసినా గడ్డలు కడుతోంది. అందరిలోనూ, ఓ గ్రూపు వాళ్ళలో సైతం, ఉండే ఒక మూలపదార్థం ఆమె రక్తంలో లేదు. దాన్ని బాంబే గ్రూపు అంటారు. మామూలు పరీక్షలో ఓ లాగే కనిపిస్తుంది. ఆ గ్రూపు వారికి ఆ గ్రూపు రక్తమే ఎక్కించాలి. దగ్గర్లో తెలిసిన దాత ఒక్కడే ఉన్నాడు, అతను కిందటి నెలే ఇచ్చాడు.

ఇదంతా చెప్పి కిరణ్మయి అడిగింది. “మేడం, ఇలాంటి రక్తం అసలు ఎక్కడ పుడుతుంది?”

పుస్తకంలో ఉన్నది ఆమెకు తెలియక కాదు. తల్లి నుంచి ఒక లోపం, తండ్రి నుంచి అదే లోపం వచ్చి కలిస్తే ఇలా అవుతుందని, మేనరికాల్లో ఆ అవకాశం ఎక్కువని చదువుకుంది. యశోద తండ్రి కోటయ్య సొంత అక్క కూతుర్నే చేసుకున్నాడు. కిరణ్మయి తెలుసుకోవాలనుకున్నది అంతకు వెనకది. మొట్టమొదట ఎవరిలో పుట్టింది, ఎందుకు పుట్టింది.

శాంతమ్మ ఒక బత్తాయి తొన ఆమె చేతిలో పెట్టారు. “ఎక్కడ పుట్టిందో తర్వాత చూద్దాం. ఎక్కడెక్కడికి వెళ్ళిందో ముందు కనుక్కో.”

కోటయ్యకు తమలపాకు తోట ఉంది. రక్తసంబంధం ఉన్నవాళ్ళను పిలిపించమని కిరణ్మయి చెప్పగానే ఊరికి కబురు పెట్టి, పది గంటలకల్లా ఒక వ్యాను నిండా మనుషులను దింపాడు. అందరూ మగవాళ్ళే. అందరిదీ ఒకే ఇంటిపేరు. చావు మైల పట్టేవాళ్ళలో ఒక్కర్నీ వదల్లేదని అతను కొంత గర్వంగానే చెప్పాడు. యశోద అన్నలిద్దరూ వాళ్ళలో ఉన్నారు. సూదిని చూసి పెద్దవాడికి కళ్ళు తిరిగితే, వీడి రక్తం వద్దులెండి, మా చెల్లెలికి పిరికితనం ఎక్కుతుంది అని రెండోవాడు అన్నాడట. అన్నల రక్తమూ, మిగతా వాళ్ళ రక్తమూ పరీక్షించారు. ఎవరిదీ సరిపోలేదు.

అప్పుడు శాంతమ్మ స్వయంగా వచ్చి కోటయ్యను ఒక్కటే అడిగారు. “మీ ఆవిడకు ఎన్ని కాన్పులయ్యాయి?”

భార్య పోయి చాలాకాలమైంది. కోటయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. నాలుగు అన్నాడు. కొడుకులిద్దరూ యశోదా కలిస్తే ముగ్గురే.

మిగిలిన సంగతి అతను కొడుకులకు దూరంగా, మెట్ల కింద నిలబడి డాక్టర్లిద్దరికీ చెప్పాడు. యశోదకు ముందు పుట్టిన పిల్లవాణ్ణి చీరాలలో వేరే ఇంటిపేరున్న, వరసకు అన్న అయ్యే మనిషికి దత్తు ఇచ్చాడు. ఆ ఇంటావిడ అతనిచేత ఒట్టు వేయించుకుంది. పిల్లవాణ్ణి ఎన్నడూ ఎవరి దగ్గరా నా కొడుకు అనకూడదు. అతను అనలేదు. కన్నతల్లి చివరిదాకా చీరాల గడప తొక్కలేదు.

“దత్తు పోయినవాడు మా మైలలో లేడు తల్లీ. వాడు మాకేమీ కాడు. ఇప్పుడు ఏమని వెళ్ళి అడగను?”

శాంతమ్మ అతనితో వాదించలేదు. ఇక్కడ దాత కావాలి, చుట్టరికం ఎవరూ అడగరు, ఎవరో గర్భిణికి రక్తం కావాలని చెప్పి తీసుకురండి అన్నారు. కోటయ్య పెద్దకొడుకుతో కూడా చెప్పకుండా కారు మాట్లాడుకుని వెళ్ళాడు.

మధ్యాహ్నం అతని వెంట శేషగిరి వచ్చాడు. చీరాలలో కళ్ళజోళ్ళ దుకాణం పెట్టుకున్న మనిషి, మాటకారి. అతని రక్తం సరిపోయింది. ఒక్క సంచి ధారాళం కాదు గాని, దాన్ని పక్కన పెట్టుకుని ఆపరేషన్ మొదలుపెట్టవచ్చు. మొదలుపెట్టారు.

రక్తం ఇచ్చిన మనిషికి చెప్పి తీరవలసిన విషయం ఒకటి మిగిలింది. రేపు అతనికే ప్రమాదం జరిగితే, ఓ అనుకుని ఎవరైనా ఓ రక్తం ఎక్కిస్తే ప్రాణం మీదికి వస్తుంది. కిరణ్మయి అతనికి అది వివరించింది. అతను శ్రద్ధగా విన్నాడు.

“నాకెలా వచ్చిందండీ ఇది?”

కోటయ్య కొబ్బరిబోండాం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పొద్దున తను అడిగిన ప్రశ్నకు కిరణ్మయికి జవాబు తెలియదు. ఈ ప్రశ్నకు తెలుసు, చెప్పడానికి లేదు. పుట్టుకతో వస్తుందండీ అని ఊరుకుంది. శేషగిరి లేచి కోటయ్య చేతిలోంచి బోండాం అందుకున్నాడు. దారి పొడుగునా ఈ పెద్దాయన నోరు విప్పలేదండీ, రక్తం ఇచ్చేది ఈయనేనేమో అనుకున్నాను అని నవ్వాడు. కోటయ్య కూడా నవ్వబోయి, ఎండ ఎక్కువగా ఉందని చెప్పి బయటికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం యశోదకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.

వారం గడిచాక కిరణ్మయి శాంతమ్మ గదికి వచ్చి, శేషగిరి ఫోన్ చేశాడని చెప్పింది. జేబులో పెట్టుకోవలసిన కార్డు సంగతి అడిగాడట. మళ్ళీ ఎప్పుడు రక్తం ఇవ్వవచ్చో అడిగాడట. ఫోను పెట్టేసే ముందు, మొన్న పుట్టిన మేనకోడలికి కూడా ఆ పరీక్ష చేయించాలా అని అడిగాడట. కోటయ్య అతనితో ఏమీ చెప్పలేదు, ఆ సంగతి ఆమె కోటయ్యనే అడిగి తెలుసుకుంది. శేషగిరికి ఎవరు చెప్పారో, ఎన్నాళ్ళ నుంచి తెలుసో తెలియలేదు.

శాంతమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“ఒట్టు వేసింది కోటయ్య. ఆ అబ్బాయి వేయలేదుగా.”